సమయం లేదన్నప్పుడు ముందు ఏ పని చేయాలి?

బ్రదర్, ప్రభువు నామంలో వందనాలు.

మీరు అడిగింది ఒకసారి క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీకు ఇరవై ఏడేళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సంఘంలో సండే స్కూల్, యూత్ మీటింగ్, క్వయర్‌లో కీబోర్డు, ఆదివారం లైవ్ స్ట్రీమింగ్, అన్నీ మీ మీదే ఉన్నాయి. మొదట్లో ఉన్న సంతోషం ఇప్పుడు లేదు, ఎందుకు చేస్తున్నానో కూడా తెలియడం లేదన్నారు. మరోపక్క "ప్రభువు రాకడ దగ్గరపడింది, సమయం లేదు, ఆత్మలు నశించిపోతున్నాయి" అని ప్రసంగంలో విన్నప్పుడల్లా టెన్షన్, నేను చేసేది చాలడం లేదనే బాధ. అందుకే ఉద్యోగం మానేసి ఫుల్‌టైం సేవకు వచ్చేయాలా అని అడిగారు.

నేను ప్రకాశం జిల్లా పల్లెల్లో, ఆ తర్వాత పట్నంలో ముప్పై ఏళ్లకు పైగా సంఘ కాపరిగా ఉండి రిటైరయ్యాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇప్పుడున్న మనసుతో ఉద్యోగం మానకండి. సంఘంలో మీరు చేస్తున్న పనుల్లో మాత్రం సగం ఈ నెలలోనే వేరేవాళ్లకు అప్పగించండి. మిగిలిన సగం ఇంతవరకు చేయనంత శ్రద్ధగా చేయండి.

సమయం లేదన్న మాట అబద్ధమని నేను అనడం లేదు. "రాత్రి వచ్చుచున్నది, అప్పుడెవడును పనిచేయలేడు" అని ప్రభువే అన్నాడు. ఆ మాట విని వణకని సేవకుడు సేవకుడే కాదు. కానీ ఆ మాట అన్న ప్రభువు తన రోజు ఎలా గడిపాడో కూడా చూడాలి కదా. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కపెర్నహూము పట్టణమంతా సాయంత్రం వాకిట్లో కూడింది. రోగులు బాగయ్యారు. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి ఒంటరిగా ప్రార్థనకు వెళ్లిపోయాడు. సీమోను వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీకోసం చూస్తున్నారన్నాడు. మనమైతే ఆ ఒక్క మాటకే పరిగెత్తుకెళ్తాం. ప్రభువు వెనక్కి వెళ్లలేదు. పక్క ఊళ్లకు వెళ్దాం రండి, నేను బయల్దేరి వచ్చింది అందుకే కదా అన్నాడు.

అదే సువార్త అయిదో అధ్యాయంలో యాయీరు కూతురు చావు బతుకుల్లో ఉంది. తండ్రి కాళ్ల మీద పడి బతిమాలుతున్నాడు. అంతకన్నా అర్జెంటు పని ఏముంటుంది? ఆ దారిలో ప్రభువు ఆగాడు. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడి, ఉన్న డబ్బంతా వైద్యులకు పోసిన ఒక స్త్రీ వణుకుతూ చెప్పుకున్నదంతా నిలబడి విన్నాడు. కపెర్నహూములో తనకోసం చూస్తున్న గుంపును వదిలి వెళ్లినవాడు, ఇక్కడ నోరు తెరిచి అడగని ఒక్క మనిషి కోసం ఆగిపోయాడు. ఈ రెండు చోట్లా ఆయన ఎందుకు అలా చేశాడో మోకాళ్ల మీద ఆలోచించండి. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మిగతా సగం మా ఒంగోలు చరిత్రలో ఉంది. మా వైపు ఏ కన్వెన్షన్‌కు వెళ్లినా 1878 జూలై 3 గురించి చెప్తారు. ఆ ఒక్క రోజున వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య చెప్పి "మనకాలంలో ఎందుకు జరగడం లేదు, త్వరపడండి" అంటారు. అంతకుముందు ఏం జరిగిందో మాత్రం చాలామంది చెప్పరు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లు చాలా కొద్దిమంది. 1853లో అమెరికాలో ఆ మిషన్‌ను మూసేద్దామన్న చర్చ కూడా జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. దాన్నే ఇప్పుడు ప్రార్థన కొండ అంటాం. ఆ సేవకుడు జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు వచ్చింది 1866లో. అంటే పన్నెండేళ్లు ఆలస్యమైంది. ఆయన రాకముందే దేవుడు యెర్రగుంట్ల పేరయ్య గారి మనసు సిద్ధం చేస్తున్నాడు. పేరయ్య గారు తోలు పని చేసుకునే మాదిగ కుటుంబీకుడు, అప్పటికే సత్యం కోసం గురువుల వెంట తిరిగినవాడు. 1866లో బాప్తిస్మం పొంది, పల్లెపల్లెకూ కాళ్లరిగేలా నడిచి తనవాళ్లకు చెప్పాడు. మా ప్రాంతంలో సంఘాలు లేచింది ముందుగా ఆయన నడకతోనే అని నేను గట్టిగా నమ్ముతాను.

1876 నుంచి 78 దాకా మహా కరువు వచ్చింది. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ గారికి సర్వే పని తెలుసు. మూడున్నర మైళ్ల కాలువ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశారు. బోధకులే అక్కడ పని చూసే మేస్త్రీలు. పని ఆపి సేదతీరే వేళ వాళ్లే కూలీల మధ్య కూర్చుని వాక్యం చెప్పేవారు. విన్నవాళ్లలో ఎంతోమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

ఆయన ఇవ్వలేదు. కరువు సాయం నడుస్తున్నంతకాలం, దాదాపు పదిహేను నెలలు, బాప్తిస్మాలు ఆపేశారు. గింజల కోసం వచ్చేదెవరో, ప్రభువు కోసం వచ్చేదెవరో తేలాలన్నది ఆయన పట్టుదల. బయట రోజూ మనుషులు చచ్చిపోతున్నారు. ఇంతకన్నా పెద్ద సంఖ్య మిషన్ రిపోర్టులో ఇంకెప్పుడూ రాసుకోలేం అన్నట్టున్న సమయం అది. అయినా ఆపారు. కరువు పని ముగిశాక, ఇక మీకు ఇవ్వడానికి నా దగ్గర డబ్బేమీ లేదని చెప్పినా జనం వెనక్కి పోలేదు. బొబ్బలెక్కిన చేతులు చూపించి, మేం కష్టపడి బతికాం, మాకు సాయం అక్కర్లేదు, బాప్తిస్మం కావాలి అన్నారని ఆయన రాసుకున్నారు. అప్పుడు ఏ ఊరివాళ్లను ఆ ఊరు తెలిసిన బోధకులు పరీక్షించి, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నదిలోకి దిగి బాప్తిస్మమిచ్చారు.

ఒక ప్రశ్న మీకు రావచ్చు. ఆ పదిహేను నెలల్లో చనిపోయినవాళ్ల సంగతేంటి? కాలువ కూలీల మధ్య వాక్యం ఆగలేదు బ్రదర్. రక్షణ సువార్త వాళ్లకు రోజూ అందింది, కూలి డబ్బూ అందింది. ఆగింది సంఘంలో పేరు రాసుకోవడం ఒక్కటే. ఆకలిగొన్నవాడికి అన్నం, నశించేవాడికి వాక్యం, ఈ రెండూ వాయిదా వేయకూడదు. పేర్లు రాసుకోవడం, సంఖ్య చెప్పుకోవడం, ఒకరి తలమీద చెయ్యి ఉంచి బాధ్యత ఇవ్వడం, వీటికి తొందరపడకూడదు. త్వరపడి ఎవరిమీదా హస్తనిక్షేపణ చేయొద్దని పౌలు తిమోతికి రాసింది కూడా ఇందుకే. ఈ రోజుల్లో చాలా సంఘాల్లో సరిగ్గా తిరగేసి చేస్తున్నాం. కార్యక్రమాలకూ సంఖ్యలకూ పరుగులు పెడుతున్నాం, మనుషుల సంగతి వచ్చే వారం చూద్దాంలే అంటున్నాం. నాకు కడుపు తరుక్కుపోయేది అందుకే.

కిందటేడు పట్నంలో ఒక సంఘానికి వాక్యం చెప్పడానికి వెళ్లాను. ఆరాధన ముగిసింది. యూత్ పిల్లలు మైకు వైర్లు చుడుతున్నారు, ఒకరు ప్రొజెక్టర్ దించుతున్నారు, ఇంకొకరు ఆ రోజు లైవ్ ఎంతమంది చూశారో ఫోన్లో చూస్తున్నారు. గుమ్మం దగ్గర చెప్పుల పక్కన అరవై దాటిన ఒకాయన నిలబడి ఉన్నాడు. చేతిలో ఆసుపత్రి కవరు, అందులో ఎక్స్‌రే ఫిల్ములు. ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా లోపలికే చూస్తున్నాడు. వైర్లు పట్టుకున్న కుర్రాడు "జరగండి అంకుల్" అంటూ ఆయన పక్కనుంచే రెండుసార్లు వెళ్లాడు. నేను దగ్గరికెళ్లి పలకరిస్తే, మర్నాడు కొడుక్కి ఆపరేషన్ అనీ, ఎవరైనా ఒక్క నిమిషం ప్రార్థన చేస్తారేమోనని చూస్తున్నాననీ చెప్పాడు.

ఆ పిల్లలు చెడ్డవాళ్లు కాదు. పొద్దున ఆరింటికే వచ్చి కుర్చీలు వేసిన పిల్లలు. పని మీద ఉన్న శ్రద్ధలో మనిషి కనబడలేదు, అంతే. సమయం లేదన్న మాట ఆ గుమ్మం దగ్గర అక్షరాలా నిజం. ఆయన రెండో చెప్పు వేసుకుని వెళ్లిపోయేలోపే ఎవరో ఒకరు ఆయన్ని చూడాలి. వైర్లు సాయంత్రం దాకా అలాగే పడున్నా ఎవరికీ నష్టం లేదు.

అందుకని మీ పనుల గురించి ఇలా ఆలోచించండి. ఈ పని ఈ వారం నేను చేయకపోతే ఒక మనిషి నష్టపోతాడా, లేక ఒక కార్యక్రమం కాస్త తక్కువగా జరుగుతుందా? లైవ్ స్ట్రీమింగ్ ఇంటర్ చదివే పిల్లవాడికి నెల రోజుల్లో నేర్పొచ్చు. నేర్పి ఇచ్చేయండి. మొదట్లో సౌండ్ తేడా వస్తుంది, రానివ్వండి. యూత్ మీటింగ్ ఏర్పాట్లు ఇద్దరు ముగ్గురికి పంచండి. కీబోర్డు దేవుడిచ్చిన వరమని మీకు, సంఘానికి నమ్మకముంటే ఉంచుకోండి. సండే స్కూల్ మాత్రం వదలొద్దు. ఇది నా గట్టి సలహా.

అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం ఈ సందర్భంలో చాలామంది తప్పుగా వాడతారు, అన్నం వడ్డించడం చిన్న పని, వాక్యం చెప్పడం పెద్ద పని అన్నట్టు. అక్కడ ఆ పనికి ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండిన ఏడుగురిని వెతికారు. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని గొడవ వస్తే, ఎంపికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరి బాధ ఏదో తెలిసినవాళ్ల చేతికే పని అప్పగించారు. మీరూ అప్పగించేటప్పుడు ఎవరు ఖాళీగా ఉన్నారని చూడకండి, ఆ పనిలో ఉన్న మనుషుల మీద ప్రేమ ఎవరికుందో చూడండి.

సండే స్కూల్ దగ్గరికి వస్తాను. మీ అటెండెన్స్ రిజిస్టర్ తీయండి. ఆర్నెల్ల క్రితం వచ్చి ఇప్పుడు రాని పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్క ఇంటికీ వెళ్లండి, ఫోన్ చేసి సరిపెట్టొద్దు. నా అనుభవంలో కారణాలు ఇలా ఉంటాయి. నాన్న పని పోయి ఇల్లు మారారు. పదో తరగతి ట్యూషన్ ఆదివారం పొద్దున పెట్టారు. అమ్మానాన్న గొడవపడి అమ్మ పుట్టింటికి వెళ్లిపోయింది. వేసుకున్న బట్టలు చూసి పక్కపిల్లలు నవ్వారు. ఇవేవీ మైకు ముందు నిలబడితే తెలియవు. ఆ ఇళ్లలో చాప మీద కూర్చుని టీ తాగేటప్పుడు తెలుస్తాయి. ఎందుకు చేస్తున్నానో తెలియడం లేదన్నారు కదా. ఆ కాగితం మీది ఒక్కో పేరు కోసం రోజూ ప్రార్థించి, వారానికి ఒక ఇంటికైనా వెళ్లడం మొదలుపెట్టండి. రెండు నెలల తర్వాత ఆ ప్రశ్న మిమ్మల్ని ఇంతగా వేధించదు.

పని అప్పగించడం అంటే చేతులు దులుపుకోవడం అనుకునేవాళ్లకు గుంటూరు హయ్యర్ గారి పేరు చెప్తాను. 1842లో గుంటూరులో లూథరన్ సేవ మొదలుపెట్టిన ఆయన, 1869లో డెబ్బయ్ ఆరేళ్లు దాటిన వయసులో రాజమండ్రి పని దిక్కులేకుండా పోతోందని తెలిసి మూడోసారి సముద్రం దాటి వచ్చారు. యువ మిషనరీలు వచ్చేదాకా పని నిలబెట్టి, వాళ్ల చేతికి ఇచ్చి వెళ్లారు. ఆ వయసులో అంత ఆత్రంగా వచ్చిన మనిషి కుర్చీ పట్టుకుని కూర్చోలేదు.

ఇక ఉద్యోగం సంగతి. థెస్సలొనీక సంఘం ప్రభువు దినం వచ్చేసిందన్న మాటలకు కంగారుపడిపోయింది. పౌలు రెండో పత్రికలో ముందు ఆ కంగారు తీర్చాడు. అదే పత్రిక చివర్లో, పని మానేసి తిరుగుతున్నవాళ్లను నెమ్మదిగా పనిచేసుకుని సొంత ఆహారం తినమని గట్టిగా చెప్పాడు. రాకడ గురించి అంత చెప్పిన పౌలే ఈ మాట కూడా రాశాడు. కొరింథులో ఆయనే డేరాలు కుడుతూ వాక్యం చెప్పాడు. కాబట్టి భయంతోనో, చేసేది చాలడం లేదన్న బాధతోనో ఉద్యోగం మానడాన్ని పిలుపు అనుకోవద్దు. అలసిపోయినప్పుడు తీసుకునే పెద్ద నిర్ణయాలు చాలావరకు అలసటే తీసుకుంటుంది. బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతానన్న ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి నిద్రపోనిచ్చాడు. పని అప్పగించింది తర్వాత.

నిజంగా పిలుపు ఉంటే? అది మీ ఒక్కరికే వినిపించదు. అంతియొకయలో పరిశుద్ధాత్మ మాట్లాడింది సంఘం ఉపవాసముండి ప్రార్థిస్తున్నప్పుడు. బర్నబాను, సౌలును (అంటే పౌలును) సంఘమే చేతులుంచి పంపింది. మీ పాస్టర్ గారు, సంఘ పెద్దలు, మిమ్మల్ని ఎరిగిన ప్రార్థనాపరులైన ఇద్దరు ముగ్గురు పెద్దమ్మలు ఏమంటున్నారు? మీరు వెళ్లి అడగకముందే ఎవరైనా మిమ్మల్ని పక్కకు పిలిచి ఈ మాట అన్నారా? మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులుంటే, బ్యాంకు లోన్లుంటే వాటి లెక్క తేల్చండి. పెళ్లి కాబోతుంటే ఆ అమ్మాయికి ఈ సంగతి ముందే, వివరంగా చెప్పండి. విశ్వాసంతో బతుకుతామని బయల్దేరి, అప్పులతో బతికిన సేవకుల ఇళ్లు నేను చూశాను. పిల్లల ఫీజులకు ఆ పాస్టరమ్మ గార్లు పడ్డ అవమానం మాటల్లో చెప్పలేను. దేవుడు పోషిస్తాడు, నా జీవితమే సాక్ష్యం. కానీ ఆయన పంపకుండా వెళ్లినవాళ్లు తమ ఇంటివాళ్లను బాధపెట్టడం కూడా కళ్లారా చూశాను.

ఇంకో మాట. సొంత మినిస్ట్రీ పేరు పెట్టి, బోర్డు కట్టి, ఫేస్‌బుక్ పేజీ తెరవడం సేవకు మొదటి మెట్టు అనుకోకండి. చదువుకోవాలి. రామపట్నం సెమినరీ 1872లోనే మొదలైంది, హైదరాబాద్‌లోనే ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది. క్లౌ గారి కాలంలో ఒక్కసారిగా వచ్చిన ఆ వేలమంది నిలబడాలంటే ఊరూరా బోధించేవాళ్లు కావాల్సి వచ్చింది. రామపట్నంలో చదివినవాళ్లు లేకపోతే ఆ పని ఎక్కడికక్కడ చెల్లాచెదురయ్యేది. ఇప్పుడూ అంతే. జనాన్ని పోగేయడం తేలిక, మేపడం కష్టం.

ఇప్పటికి మీకు తెలిసిన సేవ స్టేజీ మీదిది, పట్నంలోది. నిర్ణయానికి ముందు మీ సెలవుల్లో ఒక పది రోజులు పల్లె కాపరి వెంట ఉండండి. మూడు నాలుగు ఊళ్లు ఒక్క బైకు మీద తిరిగే అయ్యగార్లు మా వైపు చాలామంది ఉన్నారు. తెల్లవారుజామున ఎవరో చనిపోయారని కబురొస్తుంది, వెళ్లి సమాధి దగ్గర దాకా ఉండాలి. మధ్యాహ్నం తాగొచ్చి కొట్టే మొగుడితో మాట్లాడాలి. సాయంత్రం మిర్చి కోతల నుంచి ఆడవాళ్లు తిరిగొచ్చి స్నానం చేసి వచ్చాకే గృహ కూటం, రాత్రి తొమ్మిది దాటుతుంది. సగంమంది కునుకుతుంటారు. వాళ్లకు పది నిమిషాల్లో, మనసుకు పట్టేలా వాక్యం చెప్పాలి. ఆ పది రోజులూ మీ మనసు ఎలా ఉందో చూసుకోండి. అక్కడ లైకులుండవు, చప్పట్లుండవు. అయినా వదిలి రాబుద్ధి కాకపోతే అది పట్టించుకోవాల్సిన సంగతే.

ఈలోగా మీరు ఫుల్‌టైం కాదని ఎవరన్నారు? బిషప్ అజరయ్య గారు తిరునెల్వేలి నుంచి 1909లో దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని సేవ చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన పల్లెలకు వెళ్లినప్పుడు, బాప్తిస్మం పొందిన విశ్వాసుల చేత తలమీద చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారు. ఆ చేతులు ఎక్కువగా పొలం కూలీలవి, చదువురాని వాళ్లవి. ఎవరూ కూలి మానలేదు. నాట్ల దగ్గర, కోతల దగ్గర పక్కవాళ్లకు చెప్పారు. మీకు ఆఫీసు ఉంది, హాస్టల్లో పక్క గది ఉంది. అక్కడ కరపత్రాలు బలవంతంగా చేతిలో పెట్టమని నేను చెప్పడం లేదు, పేతురు గారు సాత్వికంతో జవాబు చెప్పమన్నారు. ఉద్యోగం పోయిన సహోద్యోగికి రెజ్యూమే సరిచేసి పెట్టండి, జ్వరమొచ్చిన రూమ్మేట్‌కు గంజి కాచి ఇవ్వండి, ఎందుకింత చేస్తున్నావని అడిగిన రోజున దాచకుండా ప్రభువు పేరు చెప్పండి.

ఈ వారంలోనే పాస్టర్ గారిని ఒంటరిగా కలవండి. అలసిపోయానని దాచొద్దు, కోపం కూడా పెట్టుకోవద్దు. ఏ పని ఎవరికి అప్పగిద్దామనుకుంటున్నారో పేర్లతో సహా చెప్పండి, ఆయన ఇంకో పేరు చెప్తే వినండి. పిల్లల పేర్లు రాసిన కాగితం ఆయన చేతికిచ్చి, ముందు ఏ ఇంటికి వెళ్దామో ఆయన్నే అడగండి, వీలైతే మొదటి ఇంటికి ఇద్దరూ కలిసి వెళ్లండి. పల్లెలో ఆ పది రోజులు ఉండొచ్చాక మళ్లీ రాయండి. ఉద్యోగం సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.